చప్పిడి పత్తెం

"నోరు తెరువు. ఇంకా తెరువు. నాలిక ఎత్తు."

పొద్దున్నే నన్ను కట్టుకున్న మా బావ గోవిందరాజు నాతో అనే మొదటి మాటలు ఇవి. హుగ్లీకి ఇవతల టికియాపారా రైల్వే క్వార్టర్లో ఆ వేళకి స్టవ్ మీద టీ పొంగుతుంటుంది, కుళాయి కింద బకెట్టు నిండి కారిపోతుంటుంది, పిల్ల జడ కోసం దువ్వెన పట్టుకుని నిలబడి ఉంటుంది. అన్నీ ఆపి నేను నోరు తెరవాలి. ఆయన కార్ షెడ్డులో ఫిట్టరు. బోగీల కింద బోల్టులు చూసే టార్చి తెచ్చి నా నాలిక కింద వెలుగు వేసి చూస్తాడు. మాత్ర లోపలికి పోయిందని నమ్మకం కుదిరాక మందుల పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని డ్యూటీకి వెళ్తాడు.

తమాషా ఏమిటంటే ఆ పని నాది. నేను నర్సుని. సాల్ట్ లేక్‌లో మనసు జబ్బుల నర్సింగ్‌హోమ్‌లో, ఆడవాళ్ళ వార్డులో, ఎన్నో నోళ్ళు చూశాను. మాత్ర బుగ్గన పెట్టుకుని బాత్‌రూమ్‌లో ఉమ్మేసేవాళ్ళు ఉంటారు, చూడక తప్పదు. కానీ నేను ముందు పేరు పెట్టి పిలుస్తాను. గ్లాసెడు నీళ్ళిస్తాను. పక్క మంచం మనిషికి కనపడకుండా అడ్డంగా నిలబడతాను. "ఒక్కసారి చూపించమ్మా" అని బతిమాలుతాను. నన్ను ఆ వార్డులోనే మంచం మీద పడుకోబెట్టిన రోజుల్లో మా బావ ఈ పద్ధతి చూసి నేర్చుకున్నాడు. చేత్తో చేసేది వచ్చింది గానీ, నోటితో అనేది రాలేదు.

జబ్బు లేదని నేననను. పిల్ల పుట్టాక ఒకసారి, ముందటేడు దసరా పూజల సెలవుల్లో ఒకసారి వచ్చింది. రెండోసారి నిద్రన్నది లేదు, అలుపన్నది లేదు. ఇంట్లో ఇత్తడి సామానంతా వాడవాళ్ళకి పంచిపెట్టాను. పార్టీ ఆఫీసుకెళ్ళి కార్యదర్శి కుర్చీలో కూర్చుని, వాడ కుళాయి సంగతి తేల్చమని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. కుళాయి బాగైంది, అది వేరే సంగతి. అప్పుడు నన్ను నేల మీదికి దించింది లిథియం అనే ఆ తెల్లమాత్రే. దానికి నేను రోజూ దండం పెడతాను. నా గొడవ మాత్రతో కాదు.

నా గొడవ ఏమిటంటే, అప్పట్నుంచీ నాకు కోపం లేదు, జబ్బే ఉంది. గట్టిగా నవ్వితే జబ్బు. గట్టిగా మాట్లాడితే జబ్బు. చేపల పులుసులో కారం ఎక్కువైతే జబ్బు ముదిరింది, తక్కువైతే జబ్బు తిరగబెట్టింది. ఆయన కంచం విసిరికొడితే డ్యూటీలో అలిసిపోయాడు. ఆ మెతుకులు నేనే ఎత్తుతూ "ఇదేం పద్ధతి బావా" అంటే, "ఏటే, మాత్ర దిగలేదేటి?" అంటాడు. ఇంక నేనేం మాట్లాడను! ఎంత నెమ్మదిగా మాట్లాడితే అంత బాగున్నట్టు లెక్క కాబట్టి, ఒంట్లో ఉడుకుతున్నా నెమ్మదిగా మాట్లాడే విద్య నేర్చుకున్నాను. అది మాత్ర వల్ల వచ్చిన నెమ్మది కాదు.

రెండోసారి జబ్బు పడ్డాక నా డ్యూటీ పోయింది. ఆ ఎండాకాలంలో నర్సింగ్‌హోమ్ నుంచి మా మేట్రన్ మంజుశ్రీ దీదీ కబురు పంపింది. వెళ్తే ఎదురుగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పూజల తర్వాత కొత్త వార్డు తెరుస్తున్నారట, నన్ను మళ్ళీ తీసుకుంటుందట. ఏ షిఫ్టైనా చేస్తానన్నాను. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, "నువ్వు బాగున్నావని నాకు తెలుసు కాసులమ్మా, కానీ పైవాళ్ళకి ఎవరో ఒకరు పూచీ ఉండాలి కదా. మీ ఆయన్ని ఒకసారి తీసుకురా. బాగుంది అని ఆయన నోటితో ఒక మాట చెబితే చాలు" అంది. నర్సు చదువు చదివింది నేను, జబ్బు పడింది నేను, బాగుపడింది నేను. బాగుపడ్డానని చెప్పాల్సింది మాత్రం మా బావ.

ఆయనకి చెబితే టీ చప్పరించి నవ్వాడు. "మాత్రలు మింగే మనిసి మాత్రలు పంచుతాదేటి? జనం నవ్విపోరేటి?" కప్పు కింద పెట్టి, "సూద్దుంలే. పూజల దాకా ఏ గొడవా నేకుండా ఉంటే అప్పుడు సూద్దుం" అన్నాడు. కాబట్టి పూజల దాకా నేను నవ్వకుండా, అరవకుండా, చెయ్యి జారి గ్లాసైనా పగలకుండా ఉండాలి. సరే, ఉందాం అనుకున్నాను.

అప్పుడే పలాస వైపు మా ఊరెళ్ళిన అత్త సన్యాసమ్మ తిరిగొచ్చింది. మా బావ తల్లి, మా నాన్న చెల్లెలు, నా సొంత మేనత్తే. మామ పోయాక మనిషి సగమైంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. అలాంటిది ఊళ్ళో ఎవరేం చెప్పారో, వస్తూనే కొంగు బిగించింది. "అంత గట్టి మందు తింటూ ఎండుచేప నముల్తావేటే అమ్మీ? పత్తెం నేని మందు పన్జేస్తాదా? అందుకే నీకు మల్లీ మల్లీ వస్తంది" అని మర్నాటి నుంచి నాకు చప్పిడి కూడు మొదలుపెట్టింది. ఉప్పు లేదు, పులుపు లేదు, ఆవకాయ లేదు, ఎండుచేప వాసన కూడా లేదు.

ఉప్పు మానేస్తే లిథియం ఒంట్లోంచి పోదు, పేరుకుని విషమవుతుంది. వార్డులో ప్రతి పేషెంటు చుట్టాలకీ ఇంటికెళ్ళే ముందు నేను చెప్పే మొదటి మాట అదే. ఎప్పటిలా ఉప్పు తినండి, నీళ్ళు బాగా తాగండి అని. అత్తకీ చెప్పాను. "నీకేటి తెల్దు, కూకో" అంది. నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెబితే నవ్వుతారు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో నా కోసం విడిగా గిన్నె పొయ్యెక్కలేదు. నా కోసం పీట వేసి, కంచం పెట్టి, "తిను అమ్మీ" అని ఎదురుగా కూర్చున్నవాళ్ళు లేరు. అందరూ తిన్నాక మాడు గీక్కుని తినే నోటికి ఆ చప్పిడి అన్నం పాయసంలా దిగింది. నాలుగు రోజులకి ఏమవుతుందిలే అనుకున్నాను. నాలుగు రోజులతో ఆగలేదు, ఆ ఎండలకి ఒంట్లో ఉన్న ఉప్పు కూడా చెమటలో పోయింది.

ముందు చేతులు వణికాయి. టీ కప్పు సాసరు మీద గలగలలాడింది. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒకరోజు పొద్దున లేచి నిలబడితే నేల పడవలా ఊగింది, పిల్లని పిలవబోతే నాలిక మందంగా తిరిగింది. మా బావ నన్ను ఎగాదిగా చూసి, "అదిగో, సెప్పినానా! మొదలైంది. డ్యూటీ అంట, డ్యూటీ" అని పెట్టె తాళం తీసి ఒకటి కాదు, రెండు మాత్రలు తెచ్చాడు. "నోరు తెరువు."

నేను తెరవలేదు.

"తెరవే!"

పళ్ళు బిగబట్టి తల అడ్డంగా ఊపాను. "సూడమ్మా, మందొద్దంతంది! ఇదే జబ్బంటే!" అని ఆయన అరిచాడు. ఆయన కళ్ళలో కోపం కన్నా భయమే ఎక్కువుంది. ఆ భయం చూసి ఎన్నోసార్లు నోరు తెరిచాను, ఈసారి తెరిస్తే చచ్చిపోతాను. మొద్దుబారిన నాలికతో ఒక్కో మాటా కూడబలుక్కుని అత్తతో అన్నాను. "అత్తా, ఇది జబ్బు కాదు. ఉప్పు లేక మందు విషమైంది. రక్తం చూపించాలి. నన్ను తీసుకెళ్ళు."

అత్త, కొడుకు చేతిలోని మాత్రల వంక చూసింది, నా చేతుల వంక చూసింది. తర్వాత చెప్పులేసుకుంది. "ఎక్కడికమ్మా?" అని కొడుకు అడుగుతుంటే, "నువ్వు తప్పుకో" అని, నా నడుం చుట్టూ చెయ్యేసి వీధిలోకి నడిపించి రిక్షా ఎక్కించింది.

ప్రభుత్వాసుపత్రిలో రక్తం చూసిన డాక్టరమ్మ మాత్ర ఆపేసి సెలైన్ పెట్టింది. ఇంకో రెండు మాత్రలు పడి ఉంటే అని మాట మధ్యలో ఆపేసింది. అత్తకి బెంగాలీ ఆ మాత్రం వచ్చు. మంచం పక్కన నేల మీద చతికిలబడి ఏడ్చింది. "నా సేత్తో సంపేసీదాన్నేటే అమ్మీ!"

"కాదు అత్తా. నీ చేత్తో అన్నం పెట్టావు. నాకది బాగుంది" అన్నాను. నిజంగా బాగుంది మరి.

ఏడుపు ఆగాక కొంగుతో మొహం తుడుచుకుంది. "అమ్మీ, ఆడోల్లకి ఏడుపు రాకండా సేసే మాత్రలుంటాయేటి?" అని అడిగింది. ఎవరికని అడిగితే నా దుప్పటి సరిచేసింది. వార్డులో పేషెంట్లతో చేసినట్టే, తొందరపెట్టకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు మాట మెల్లగా బయటికొచ్చింది. మామ పోయాక కాదట, అంతకు ముందు నుంచే. పొద్దున లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తుందట. ఒంట్లో సత్తువ ఉండదట, కూడు మట్టిలా ఉంటుందట. ఒకసారి కార్ షెడ్డు వెనక పట్టాల దాకా వెళ్ళి, పిల్ల స్కూలు నుంచి వచ్చే వేళయిందని తిరిగొచ్చిందట. "ఎవులికి సెప్తానే? సెప్తే బద్దకం అంతారు. మీ మావ అదే అనీవోడు."

ఇన్నేళ్ళూ ఒకే గదిలో పక్కపక్కన పడుకుని, నర్సునై ఉండీ నేను చూడలేదు. ఆ ఇంట్లో జబ్బు మనిషి ఒకరే అని మేమంతా ఒప్పేసుకున్నాం.

ఇంటికొచ్చిన రోజే మా బావని తాళంచెవి అడిగాను. "నా మందు నేనేసుకుంటాను బావా. రక్తం పరీక్ష ఎప్పుడో నాకు తెలుసు, ఉప్పెంతో నాకు తెలుసు. నువ్వు రెండెయ్యబోయావు." ఆయన తల్లి వంక చూశాడు. "ఇచ్చీరా" అంది అత్త. మొలతాడు విప్పి ఇచ్చాడు. ఆ సాయంత్రం అత్తకి కూడా ఆసుపత్రిలోనే మందు రాయించామని తెలిసి, "ఇంటికిద్దరైనారు!" అని నెత్తి పట్టుకున్నాడు. పట్టుకోనీ.

అత్తకి మందు వెంటనే పనిచెయ్యలేదు. అది చెయ్యదు, వారాలు పడుతుంది. రోజూ పొద్దున నీళ్ళు చేతికిచ్చి, మాత్ర అరచేతిలో పెట్టి, పక్కన కూర్చునేదాన్ని. "నోరెండిపోతందే, నాకొద్దు" అంటే మజ్జిగలో ఉప్పేసి ఇచ్చేదాన్ని. పట్టాల తలపు వస్తోందా అని సూటిగా అడిగేదాన్ని. మొదట ఉలిక్కిపడేది, తర్వాత తనే చెప్పేది. వానలు వెనకబట్టాక ఒకరోజు వీధిలో పెద్ద గొంతు వినబడింది. మా అత్త! కుళ్ళిన ఇలస చేప అంటగట్టాడని చేపలవాడిని బెంగాలీలో ఏడు తరాలూ తిడుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పూజలయ్యాయి. మా బావ రానన్నాడు. "నాను పూచీ పడి, రేపు నీకు మల్లీ వస్తే?" మళ్ళీ రావచ్చు, రాదని నేనెవరికీ ప్రమాణం చెయ్యను. వస్తే మందుంది, మంచముంది, తగ్గాక డ్యూటీ ఉంది. తెల్లచీర ఇస్త్రీ చేసుకుని నేనే బయల్దేరాను. గుమ్మం దాటేసరికి అత్త గంజిపెట్టిన చీర కట్టుకుని వెనకాలే వచ్చింది. ఎందుకని అడిగితే "పద" అంది. సాల్ట్ లేక్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వంతెన మీద హుగ్లీకి దండం పెట్టుకుంది.

మంజుశ్రీ దీదీ నన్ను చూసి నవ్వింది, నా వెనక చూసింది. "మీ ఆయన రాలేదా? మరి నీ గురించి చెప్పేదెవరు కాసులమ్మా?"

నేను నోరు విప్పేలోపే అత్త ముందుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే ఎదుటి కుర్చీలో కూర్చుంది. చేపల బేరాల్లో నేర్చుకున్న ఆ బెంగాలీలోనే, తడుముకోకుండా చెప్పింది.

"నేను చెప్తాను దీదీ. నేను ఈమె పేషెంటుని."