వాకిట్లో ఒక బిందె

కింది గదిలో కొత్తగా దిగిన దర్జీ అమ్మాయి గోడలకు మేకులు కొట్టిందని తెలిసి మా అత్తగారు మండిపడ్డారు. మొన్నే వేయించిన రంగు వాసనైనా ఇంకా పోలేదు. మేకులు తీస్తుందో, గది ఖాళీ చేస్తుందో తేల్చుకోవాలని నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగారు.

గదిలో నేల మీద ఒక్క వస్తువు లేదు. బియ్యం డబ్బా అటక మీద ఉంది. గిన్నెలన్నీ సంచుల్లో మేకులకు వేలాడుతున్నాయి. కుట్టుమిషను కింద ఎన్ని ఇటుకలు పేర్చిందంటే, కుట్టడానికి ఆ అమ్మాయి బల్ల మీద స్టూలు వేసుకుని కూర్చోవలసి వచ్చింది.

"సర్కస్ చేస్తున్నావుటే?"

ఆ అమ్మాయి గబగబా దిగింది. "నీళ్లొస్తే మిషను పాడవుతుంది కదండీ, పిన్నిగారూ."

వాళ్ల ఊళ్లో ఏటా ఒక వరుస ఇళ్లను సముద్రం మింగుతూ వచ్చింది. వాళ్ల వరుస వంతు రాగానే మొగుడూ పెళ్లాలిద్దరూ ఇక్కడికి వచ్చిపడ్డారు.

"ఇక్కడికి నీళ్లా! కొళాయిలోకే రావట్లేదు!"

"మా ఊళ్లోనూ ఇంతదూరం రావనేవారండీ. మేకులు తీసేస్తాను. గది మాత్రం ఉంచండి. మీరు పొమ్మంటే ఈ వీధిలో ఇంకెవరిస్తారు?"

నిజమే. వీళ్లొచ్చాకే కొళాయి సన్నబడిందని వీధంతా గుర్రుగా ఉంది. అందులో సైకిలు కొట్టాయన గొంతే పెద్దది.

అత్తగారు విసవిసా పైకెళ్లారు. పొద్దున్న వరసలో నిలబడి నేను తెచ్చిన బిందె ఎత్తుకొచ్చి, గడప ముందు కుమ్మరించేశారు.

నీళ్లు మెట్లు దిగి, వీధి వాలు పట్టుకుని, తిన్నగా సైకిలు కొట్టు ముందు ఆగాయి.

"ఏంటమ్మా, నీళ్లకి మేం ఏడుస్తుంటే మీరు వీధి కడుగుతున్నారా?" అన్నాడాయన.

"నా బిందె, నా ఇష్టం!" అని అరిచి, ఆ అమ్మాయి వైపు తిరిగారు. "చూశావుగా? ఎంత వానొచ్చినా ముందు మునిగేది వాడే."

ఆ అమ్మాయి ఆ తడి వెంటే కొట్టుదాకా చూసింది. "అయితే ఆయన కొట్లోనే కొట్టాలండీ మేకులు."

సైకిలు కొట్టాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "వచ్చి కొట్టమ్మా! సుత్తి నేనిస్తాను."

సాయంత్రం మా గుమ్మంలో సగం బిందె నీళ్లున్నాయి. బిందె మెడకు కుట్టుదారం పోగు అంటుకుని ఉంది; ఎవరు పెట్టారని అడగాల్సిన పని లేదు.

వారం తిరిగేసరికి మిషను నేల మీదికి దిగింది. బియ్యం డబ్బా ఇంకా అటక మీదే ఉంది. మేకుల ఊసు అత్తగారు మళ్లీ ఎత్తలేదు. నిన్న కిందికెళితే ఒక మేకుకు సైకిలు కొట్టాయన ప్యాంటు, పక్క మేకుకు అత్తగారి చేతిసంచి వేలాడుతున్నాయి. ఆవిడ జాకెట్టు కొలతలిస్తూ, చేతులు చాచి నిలబడి ఉన్నారు.