తొర్రలో సిమెంటు

మెడలో వేసిన అట్ట మీద తన పేరు కింద 'ప్రతినిధి' అని ఉండటం చూసి బెనిల్దా దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఫిలిప్పీన్స్‌లోని సాంత ఒలాయ నగరంలో ముప్ఫై రెండేళ్ళుగా చెట్లెక్కి కొమ్మలు కొడుతున్న మనిషి ఆమె. ఇలాంటి సెమినార్లకి ఆఫీసులోంచి ఎప్పుడూ ఇస్త్రీ నలగనివాళ్ళే వెళ్తారు. ఈసారి మాత్రం కొత్తగా వచ్చిన చెట్ల అధికారి రోవెలిన్ పట్టుబట్టి ఆమె పేరు రాయించింది.

"అక్కడ నేనేం చేస్తాను ఇండే? అందరూ ఇంగ్లీషు మాట్లాడతారు. నాకు నిద్రొస్తుంది."

"నిద్రొస్తే నేను గిల్లుతాలే నాంగ్. మీరు రాకపోతే నేనూ వెళ్ళను."

రోవెలిన్‌కి ఇరవయ్యారేళ్ళు. పై అధికారే అయినా బెనిల్దాని అక్క వరసలో నాంగ్ అని పిలుస్తుంది. నలుగురిలో బెనిల్దా ఆమెను మేడమ్ అంటుంది గానీ, ఇద్దరే ఉన్నప్పుడు ఇంట్లో పిల్లను పిలిచినట్టు ఇండే అంటుంది. ఇద్దరికీ అది అలవాటైపోయింది.

హాలు మంచుగడ్డలా ఉంది. పశ్చిమ విసాయాస్ నలుమూలల నుంచీ వచ్చిన నూట ఇరవై మందీ ఆ సంగతి ముందే తెలిసి స్వెట్టర్లు తెచ్చుకున్నారు. ప్రార్థన అయింది, జాతీయగీతం అయింది, మేయరు గారి తరఫున ఎవరో వచ్చి ఆయన రాలేకపోయినందుకు పావుగంట మాట్లాడారు. ఆ తర్వాత నిద్ర పోగొట్టడానికని అందరినీ నిలబెట్టి పాట పెట్టి డాన్సు చేయించారు. బెనిల్దా చేతులు ఊపుతూ, "దీనికా నన్ను తెచ్చావు," అంది రోవెలిన్ చెవిలో.

అసలు పాఠం మొదలయ్యాక మాత్రం ఆమెకు నిద్ర రాలేదు. మనీలా వైపు నుంచి వచ్చిన డాక్టర్ ఆంతేరో విల్యార్ నలభై దాటని మనిషి. చొక్కా చేతులు పైకి మడిచి, బల్లల మధ్య తిరుగుతూ మాట్లాడాడు. కొమ్మను ఎక్కడ కోయాలి, కాండానికి ఎంత దగ్గరగా కోస్తే గాయం త్వరగా మూసుకుంటుంది, మొక్క చుట్టూ మట్టి గుట్టగా పోస్తే వేళ్ళు ఎలా ఊపిరాడక చస్తాయి, అన్నీ బొమ్మలతో చూపించాడు. సగం సంగతులు బెనిల్దా చేతులకు తెలిసినవే. వాటికి కారణాలు మాత్రం ఇప్పుడే వింటోంది. ఓహో అందుకా, అని తలాడిస్తూ కూర్చుంది.

"ఇక చేయకూడని పనులు చూద్దాం," అన్నాడు ఆయన. "ఇది మీ ఊళ్ళోనే. నిన్న సాయంత్రం ఊరి నడుమ ప్లాజాలో నడుస్తూ తీశాను."

తెర మీద పెద్ద నిద్రగన్నేరు కనిపించింది. కాండం మధ్యలో మనిషి నిలువంత తొర్ర. ఆ తొర్ర నిండా బూడిదరంగు సిమెంటు. దాని చుట్టూ బెరడు పెదవుల్లా ఉబ్బి ఉంది.

"ఎవరో మహానుభావుడు చెట్టుకి పిప్పిపన్ను పూడ్చాడు," అన్నాడు విల్యార్. హాలంతా నవ్వింది.

బెనిల్దా నవ్వలేదు. చెవులు వేడెక్కాయి. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు, మధ్యలో సందు పడుతుంది, నీళ్ళు నిలుస్తాయి, లోపల ఇంకా పుచ్చుతుంది. చెట్టు తన గాయం చుట్టూ తనే గోడ కట్టుకుంటుంది, దానికి మన తాపీపని అక్కర్లేదు. ఒక్కో మాటా నిజమేనని ఆమెకు అర్థమవుతూనే ఉంది. అదే ఎక్కువ బాధగా ఉంది.

వెనక వరసలోంచి రోడ్ల పని చూసే ఇంజనీరు ఒకాయన లేచాడు. "అంటే సార్, ఆ చెట్టు లోపల మొత్తం పోయినట్టేగా. అటు రోడ్డు వెడల్పు చేయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. మీరే చెప్పారు కాబట్టి కొట్టేయొచ్చు."

రోవెలిన్ రాయడం ఆపేసింది. ఏడాదిగా ఆ చెట్టు కోసం ఆమె ఎన్ని ఉత్తరాలు రాసిందో బెనిల్దాకి తెలుసు. విల్యార్ జవాబు చెప్పేలోపు బెనిల్దా లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియలేదు. ఎవరో మైకు తెచ్చి చేతిలో పెట్టారు.

"ఆ సిమెంటు నేను పెట్టించింది సార్," అంది.

నూట ఇరవై తలలు ఆమె వైపు తిరిగాయి.

"తొంభై మూడులో. తుపానుకి పెద్ద కొమ్మ విరిగి తొర్ర పడింది. అంతకు ముందు సంవత్సరం ఇలాంటి సెమినారే పెట్టారు. మీలాగే ఒక సారు వచ్చారు. తొర్రలన్నీ శుభ్రంగా గీకి సిమెంటుతో మూసేయండి, లేకపోతే చెట్టు చస్తుంది అని చెప్పారు. ఇంగ్లీషులోనే చెప్పారు. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు, ఇంట్లో గోడకి ఉంది."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. ముందు వరసలో ఉన్న ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఆయనా తన కాలంలో ఎన్నో తొర్రలు పూడ్చి ఉంటాడు.

"తప్పు చేశాననే ఒప్పుకుంటాను," అంది బెనిల్దా. "కానీ సార్, ముప్ఫై ఏళ్ళయింది, ఏటా చిగురేస్తోంది. మీరు బయట నిలబడి ఫొటో తీశారు. లోపల పోయిందో లేదో ముట్టుకుని చూడలేదు కదా. చూడకుండా కొట్టేయమనకండి."

విల్యార్ వేదిక దిగి ఆమె బల్ల దాకా వచ్చాడు. ముఖం ఎర్రబడింది. "నేను కొట్టేయమనలేదు నాంగ్. కానీ మీరు చెప్పిన మాట సరైనదే. ఫొటో చూపించి నవ్వాను, చెట్టుని చూడలేదు. రేపు ఉదయం క్షేత్ర పర్యటన వేరే చోట పెట్టారు. దాన్ని మార్చి అందరం మీ ప్లాజాకే వెళ్దాం. పరికరం తెచ్చాను, పరీక్ష చేద్దాం. ఏం వస్తే అదే చెప్తాను, సరేనా?"

"సరే," అని కూర్చుంది. రోవెలిన్ బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగా ఉన్నాయి.

భోజనాల వేళ బెనిల్దా కాల్చిన కోడి, అన్నం పళ్ళెంలో పెట్టుకుని, ఒక మూలకి పోయి భర్తకు ఫోన్ చేసింది. దాదో తాపీమేస్త్రీ. ఆ సిమెంటు కలిపింది అతనే. అప్పటికి అతనెవరో ఆమెకు తెలియదు. చెట్టు మీంచి తిడుతూ తనచేత పని చేయించిన ఈ కల్లుగీత కార్మికుడి కూతుర్ని, అంటే బెనిల్దానే, ఆ ఏడాది చివర్లో పెళ్ళి చేసుకున్నాడు.

"మన సిమెంటు తప్పట," అంది.

"ఎవడన్నాడు?"

"డాక్టరు. చెట్ల డాక్టరు. నూట ఇరవై మంది ముందు."

"మన పెళ్ళి కూడా తప్పేనన్నాడా?"

"అది నేనే ఎప్పుడో కనిపెట్టాను. దానికి డాక్టరెందుకు." ఆమెకు నవ్వొచ్చి, దాంతోపాటే కళ్ళు చెమర్చాయి. "రేపు పొద్దున పరీక్ష చేస్తారు. బాగా పుచ్చిందని తేలితే కొట్టేస్తారు దాదో."

"నేనూ వస్తాను," అన్నాడు అతను.

మర్నాడు ఏడింటికే రెండు బస్సులు ప్లాజా ముందు ఆగాయి. దాదో అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కాలో. విల్యార్ చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చెక్క సుత్తితో అడుగడుగునా కొట్టి చెవి ఆనించి విన్నాడు. తర్వాత కాండం చుట్టూ చిన్న మేకుల్లాంటివి దిగగొట్టి, వాటిని తీగలతో కలిపి, ఒక్కోదాన్నీ తడుతూ కంప్యూటరులో చూశాడు. చెక్క గట్టిగా ఉన్నచోట శబ్దం త్వరగా పోతుందట, పుచ్చినచోట ఆలస్యమవుతుందట. గంట పైనే పట్టింది. ఇంజనీరు గొడుగు నీడన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

విల్యార్ తొర్ర దగ్గరకు పోయి సిమెంటు మీద గోరుతో గీశాడు. పొడి రాలింది. మళ్ళీ గీశాడు. "ఇది సిమెంటు కాదే," అన్నాడు.

బెనిల్దా ముందుకొచ్చింది. "సిమెంటే సార్. నేను దగ్గరుండి పోయించాను."

వెనకాల ఎవరో దగ్గారు. చూస్తే దాదో.

"సున్నం," అన్నాడు. "సగానికి పైగా సున్నం, ఇసుక. సిమెంటు కొంచెమే."

"నాకు మంచి సిమెంటని చెప్పావు."

"ఒక బస్తా ఫౌంటెన్లో పడిపోయింది. తడిసి ముద్దయిపోయింది. నువ్వు తిడతావని చెప్పలేదు. మా నాన్న చర్చి గోడలకి వాడిన సున్నం ఇంట్లో ఉంటే తెచ్చి కలిపాను."

"బస్తా ఫౌంటెన్లో ఎలా పడుతుంది?"

"పైకి చూస్తూ నడిచాను."

"పైన ఏముంది?"

"నువ్వున్నావు."

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అబ్బో అన్నారు. బెనిల్దా తలమీది టోపీ తీసి అతని భుజం మీద ఒక్కటేసింది. "ముప్ఫై ఏళ్ళు దాచావు. సిగ్గులేని మనిషి."

విల్యార్ నవ్వుతూనే కంప్యూటరు తిప్పి అందరికీ చూపించాడు. మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ వెడల్పాటి గోధుమరంగు వలయం. "ఈ వలయమంతా గట్టి చెక్క. అనుకున్నదానికన్నా చాలా మందం. సున్నం మెత్తన కాబట్టి చెట్టు ఊగినప్పుడల్లా అది పగిలి దారి ఇచ్చి ఉంటుంది. నీళ్ళు కూడా కిందికి దిగిపోయాయి. గట్టి సిమెంటైతే ఇంత బాగుండేది కాదేమో. దీన్ని ఇప్పుడు పెరకొద్దు, పెరికితే చుట్టూ కట్టుకున్న గోడ పోతుంది. రోడ్డు వైపు వాలిన కొమ్మ బరువు తగ్గించాలి, వేళ్ళ మీద పరిచిన టైల్సు తీసేయాలి, ఏడాదికోసారి చూడాలి. కొట్టాల్సిన పనిలేదు. ఇదే రాసి సంతకం పెడతాను."

రోవెలిన్ ఇంజనీరు వైపు చూసింది. అతను గొడుగు మూసి, చెట్టునీ రోడ్డునీ మార్చి మార్చి చూశాడు. "అయితే రోడ్డునే కాస్త పక్కకి తిప్పాలి," అన్నాడు. "రోడ్డు ప్లాను మళ్ళీ గీయించాలి. కాగితం నాకో కాపీ ఇవ్వండి, మేడమ్." పెద్ద సంతోషంగా ఏమీ లేడు. కానీ ఆ మాట అన్నాడు, నూట ఇరవై మంది విన్నారు.

"ఆ కొమ్మ ఎవరు కోస్తారు?" అని అడిగాడు విల్యార్. "కోత ఎలా వేయాలో అందరికీ చూపిస్తే బాగుంటుంది. నేను చెప్పగలను, ఎక్కలేను. ఎత్తంటే నాకు భయం." చెట్ల డాక్టరు ఆ మాట అంత మామూలుగా అనేసరికి అందరూ నవ్వారు. అతను కూడా కలిసి నవ్వాడు.

బెనిల్దా మెడలో అట్ట తీసి దాదో చేతికిచ్చింది. వ్యానులోంచి తాళ్ళు, నడుముపట్టా, చేతిరంపం తెప్పించుకుంది. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు మొదటి కొమ్మ దాకా గొణిగాయి, ఆ తర్వాత నోరు మూసుకున్నాయి. ముందు కింది నుంచి ఒక గాటు, తర్వాత కొంచెం అవతల పైనుంచి కోత, చివరికి కొమ్మ మొదట్లో మెడలా ఉబ్బిన చోటుని తాకకుండా శుభ్రమైన కోత. ఒక్కోటీ చేసేముందు గట్టిగా కింది వాళ్ళకు చెప్పింది, తమ ప్రాంతపు భాష హిలిగైనోన్‌లోనే. విల్యార్ ఒక్కో కోతకీ కారణం మనీలా వైపు భాష తగలోగులో చెప్తూ పోయాడు. కోసిన కొమ్మల్ని తాడుతో మెల్లగా దించుతుంటే కింద చప్పట్లు మోగాయి.

పని అయ్యాక ఆమె వెంటనే దిగలేదు. కొమ్మలు చీలిన చోట కూర్చుని కిందికి చూసింది. రోవెలిన్ మెడ వెనక్కి వంచి చూస్తోంది.

"ఇండే," అని పిలిచింది, అందరి ముందే. "ఎన్ని ఉత్తరాలు రాశావు దీని కోసం. ఎప్పుడైనా ఎక్కావా?"

"లేదు నాంగ్."

"రా మరి. దాదో, రెండో తాడు కట్టు. గట్టిగా పట్టుకో, ఈసారి పైకి చూడకు."

రోవెలిన్ బూట్లు విప్పి, దాదో బిగించిన నడుముపట్టాని రెండుసార్లు లాగి చూసుకుని, వట్టి పాదం బెరడు మీద ఆనించింది. "కాలు ఎక్కడ పెట్టాలి?" అంది.

"ఎడమ పక్కన బుడిపె ఉంది, దాని మీద," అంది బెనిల్దా, పైనుంచి చెయ్యి చాస్తూ. "తొందరేం లేదు. నేనిక్కడే ఉంటాను."