జీపు కింద రైలు

మోతె హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరి నాకు ఆర్నెల్లు కూడా నిండలేదు. ఒకరోజు హెడ్మాస్టర్ సోమయ్య సారు పిలిచి, "సారమ్మ టీచర్, వచ్చే నెల సూర్యాపేటల సైన్స్ ఫెయిర్ ఉన్నది. మన బడి ఏటా అగ్నిపర్వతమే పట్కపోతది. పోయినేడు జడ్జీలు దూరంకెల్లే సూసి ఎల్లిపోయిండ్రు. ఈసారన్న జర కొత్తది చెయ్యుండ్రి" అన్నారు. అది ఎనభయ్యారు, అక్టోబరు.

మాది ఆంధ్రా సరిహద్దున కోదాడ, మాటల్లోనూ ఆ పక్క యాసే. నేను "చూడండి, వినండి" అంటే చాలు, వెనక బెంచీలవాళ్లు మూతులకు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్ల నోళ్లు మూయించే గొప్ప పని ఏదైనా చెయ్యాలని నాకూ ఉంది. అప్పటికి రెండేళ్ల కిందటే కలకత్తాలో నేల కింద రైలు మొదలైంది. ఆ ఫొటో వచ్చిన పేపరు ముక్క నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. సూర్యాపేటకి రైలు లేదు, కోదాడకీ లేదు. మా తొమ్మిదో తరగతి నలభై రెండు మందిలో రైలెక్కిన వాళ్లు ముగ్గురే. అలాంటి చోట నేల కింద పోయే రైలంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

మర్నాడు బోర్డు మీద ఊరు గీశాను. ఊరి కింద గుండ్రంగా ఒక బొరియ, అందులో రైలు. "ఎలుక బొరియ తవ్వినట్టు ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకి తవ్వుకుంటూ పోతారు" అని చెప్తున్నాను. కిటికీ బయట ఎవరో ఫక్కున నవ్వారు. వెంటనే దబ్బుమని తట్ట కింద పడిన చప్పుడు.

చూస్తే కొత్త గది కట్టే కూలీల్లో ఒకామె. ముప్పై అయిదేళ్లుంటాయి. మోచేతుల దాకా తెల్ల గాజులు, అద్దాల రైక. పడిపోయిన సిమెంటు కలుపుని రెండు చేతులతో తట్టలోకి ఎత్తుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఎందుకమ్మా నవ్వుతున్నావు?" అన్నాను కాస్త కోపంగానే.

"ఏం లేదు టీచరమ్మా. గట్ల ఎలుక లెక్క తొవ్వితె పైనున్న మేడలన్ని కూలుతయ్."

"నీకెలా తెలుసు?"

"నేనే తొవ్విన గద!"

క్లాసంతా కిటికీ దగ్గరికి ఉరికింది. ఆమె పేరు పుష్పాబాయి. ఊరి పక్క తండా. భర్త దస్రు, తను, ఇంకో పదిమంది మేస్త్రి వెంట కలకత్తా పోయి నాలుగేళ్లు ఆ పనే చేశారట. నేను నా బొమ్మ వైపు చూసుకున్నాను. అందులో మేడలు నాలుగంతస్తులవి గీశాను. నిజంగానే కూలేట్టున్నాయి.

"మరి ఎలా తవ్వారు?" అని అడిగాను.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని కిటికీ ఊచలు పట్టుకుంది. "పైకెల్లి తొవ్వాలె. ముందుగాల రోడ్డుకు ఈ పక్క ఓ గోడ, ఆ పక్క ఓ గోడ నేలల్నే కట్టాలె. అటెనుక నడుమనున్న మన్ను తీయాలె. కింద గచ్చు, పైన మూత. మూత మీద మల్ల మన్నేసి రోడ్డు పోస్తరు. పెట్టె చేసి పాతిపెట్టుడే టీచరమ్మా! పని నడుస్తుంటె పైన ఇనుప పలకలేసి బస్సులు పోనిచ్చేటోళ్లు. మేం కింద తొవ్వుతుంటె మా నెత్తి మీదికెల్లి ధడధడ ధడధడ..."

పిల్లలు ధడధడమని బెంచీలు కొట్టారు. నేను డస్టరు తీసుకుని బొరియ తుడిచేశాను.

ఆ సాయంత్రమే సోమయ్య సారు దగ్గరికి వెళ్లి, పుష్పాబాయి వచ్చి పిల్లలకు పని నేర్పాలి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. కూలామె పాఠం చెప్పుడేంది, పై ఆఫీసరు అడిగితె ఏమనాలె అన్నారు. "నేను తప్పు చెప్పాను సార్. ఆమె దిద్దింది" అన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ తుడిచారు. చివరికి, బడి విడిచినంక అయితే సరే అన్నారు.

మర్నాటి నుంచి బడి వెనక జాగాలో పని మొదలైంది. పుష్పాబాయి కొంగు బిగించి, పలుగు అందుకుని గీత గీసేది. "అంగుళం వంకర పోయినా రైలు గోడకు రాసుకుంటది" అనేది. పిల్లలు ఆమె మాట జవదాటేవాళ్లు కాదు. నేను చెప్తే మాత్రం, "పుష్పాబాయి టీచర్‌ను అడుగుదం" అనేవాళ్లు. మొదట్లో చురుక్కుమనేది. మూడో రోజుకి నేనే ఆమెను అడగడం మొదలుపెట్టాను.

నాలుగో రోజు ఆమె మోతెలో ఎవరింట్లోనో పని ఉండి ఆలస్యంగా వచ్చింది. పిల్లలకు ఓపిక లేదు, నాకూ లేదు. గోడలు కట్టకుండానే కందకం మీద చెక్కలు పరిచి మన్ను కప్పి, చదును చేసి, నీళ్లు చల్లాం. ఎంత అందంగా వచ్చిందంటే అక్కడ కందకం ఉందని ఎవరికీ తెలియదు. సోమయ్య సారుకీ తెలియలేదు. ఆయన ఇంటికి పోతూ సైకిలు మీద అటే వచ్చారు.

ముందు చక్రం పోయింది. తర్వాత వెనక చక్రం. చివరికి నేల మీద సారు తల, భుజాలు, హ్యాండిలు మీది గంట మాత్రం మిగిలాయి.

సారు అలాగే కందకంలో నిలబడి అటూ ఇటూ చూశారు. సరిగ్గా అప్పుడే పుష్పాబాయి వచ్చింది. ఆయన్ని చూసి, "గోడల్లేకుంట మూతెయ్యొద్దని చెప్పలే?" అని పిల్లల మీద గయ్యిమంది.

సారు కళ్లజోడు సర్దుకుని, "సారమ్మ టీచర్, గిప్పుడు నేను ఏ స్టేషన్‌ల ఉన్న?" అన్నారు.

పిల్లలు నవ్వాలా వద్దా అని నా మొహం చూశారు. నాకు ఆగలేదు. తర్వాత ఎవరికీ ఆగలేదు. సారే అందరికంటే ఎక్కువ నవ్వారు, గంట మోగిస్తూ. ఆ రోజు నుంచి ఆయన మా పార్టీలో కలిసిపోయారు. చొక్కా చేతులు పైకి మడిచి తట్టలు అందించేవారు. ఇంట్లోంచి ఖాళీ డాల్డా డబ్బాలు తెచ్చి ఇచ్చారు. వాటితో అయిదు పెట్టెల రైలు తయారైంది. ఒక్కో డబ్బాకి కిటికీలు కోసి, లోపల కొవ్వొత్తి ముక్క నిలబెట్టాం. ముందు డబ్బాకి కట్టిన తాడు లాగితే, చెక్క చక్రాల మీద వణుక్కుంటూ కదిలేది.

ఫెయిర్ రోజు సూర్యాపేట బస్సు పైన పలుగులు, పారలు, దిమ్మిస కర్రలు కట్టి, లోపల మేమంతా కిక్కిరిసి బయలుదేరాం. ఫెయిర్ జరిగే బడిలో, ఏర్పాట్లు చూసుకునే సారు ఒకాయన మా పలుగులు చూసి హడలిపోయాడు. "మీ బల్ల నంబరు పదిహేడు" అన్నాడు.

"మాకు బల్లొద్దు సారు. భూమి గావాలె" అన్నారు సోమయ్య సారు.

"గ్రౌండు తొవ్వుతరా? నా నౌకరి పోతది!"

వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే పుష్పాబాయి గ్రౌండు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చింది. గేటు పక్కన నీళ్ల పైపు కోసం ఎవరో ముందే తవ్వి వదిలేసిన కందకం ఒకటుంది. ఆమె అందులోకి దిగి నిలబడింది. నడుము దాకా వచ్చింది. "సగం పని వీళ్లే చేసి పెట్టిండ్రు" అంది.

ఆ బడి వరండాకని మఠంపల్లి దిక్కునుంచి తెప్పించిన నాపరాళ్లు గోడకి ఆనించి ఉన్నాయి. పగలకుండా తిరిగిస్తామని సోమయ్య సారు మాటిచ్చి తీసుకున్నారు. రెండు పక్కలా రాయి పేర్చి గోడ కట్టాం. పైన నాపరాళ్లు ఒక వరస పరిచాం. పుష్పాబాయి ఒప్పుకోలేదు. "ఇంకో వరస. అతుకు మీద అతుకు రావద్దు" అంది. రెండో వరస వేశాం. మన్ను పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టాం. పన్నెండు అడుగుల సొరంగం. రెండు కొసల్లో రెండు నోళ్లు, వాటికి తాటాకు తడికలు అడ్డం పెట్టాం. పైన చదునైన నేల. చెమటలు కక్కుతూ మొహాలు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లాం.

తిరిగి వచ్చేసరికి దాని మీద జీపు ఉంది.

ప్రారంభానికి వచ్చిన పెద్దాఫీసరుది. డ్రైవరుకి గేటు పక్కన చక్కటి చదును నేల కనబడింది, సరిగ్గా నడుమ ఆపేశాడు. ఆపి, తాళం జేబులో వేసుకుని చాయ్‌కి వెళ్లాడు. సోమయ్య సారు రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నారు. ఆయనకి కందకంలో పడ్డ అనుభవం ఉంది మరి.

"పరేషాన్ గాకుండ్రి. గాడ బస్సులే పోయినయ్, గీడ జీపెంత?" అంది పుష్పాబాయి. అన్నది గానీ, తడిక జరిపి, లోపలికి తల పెట్టి ఒకసారి చూసుకుంది. తల బయటికి తీసి బొటనవేలు ఎత్తింది.

అప్పటికే ఆఫీసరు, జడ్జీలు బల్లలన్నీ చూసి మా దగ్గరికి వచ్చారు. ఫెయిర్ చూసుకునే సారు కాగితంలో చదివాడు. "మోతె హైస్కూలు, నేల కింద రైలు." చుట్టూ చూశాడు. నేల ఉంది, జీపు ఉంది, మట్టి కొట్టుకుపోయిన పిల్లలున్నారు.

"ఎగ్జిబిట్ ఏదమ్మా?" అన్నారు ఆఫీసరు నాతో.

"మీ జీపు కింద ఉంది సార్."

ఆయన వంగి జీపు కిందికి చూశారు. "ఏం లేదే!"

"ఇంకా కింద సార్."

ఆయనకి అర్థమయ్యేలోపే సోమయ్య సారు రుమాలు ఊపారు. తడికలు తీశారు, కొవ్వొత్తులు వెలిగించారు, ఆ కొసన ఉన్న పిల్లలు తాడు లాగారు. జీపుకి ఈ పక్క నోట్లోకి రైలు దూరిపోయింది. లోపల్నుంచి గడగడ చప్పుడు. అందరూ ఆ పక్కకి పరుగెత్తారు. చీకట్లో ముందు ఒక వెలుగు, దాని వెనక రెండోది, మూడోది, అయిదు డబ్బాలూ మిణుకు మిణుకుమంటూ బయటికి వచ్చాయి. గ్రౌండంతా ఒక్కసారి అరిచింది. అగ్నిపర్వతాలవాళ్లు, నీటి చక్రాలవాళ్లు బల్లలు వదిలేసి ఉరికొచ్చారు. డ్రైవరు చాయ్ గ్లాసుతో సహా వచ్చి, తన జీపు కింద రైలు పోయిందని తెలిసి గ్లాసు వదిలేశాడు.

ఆఫీసరు ప్యాంటు సంగతి మర్చిపోయి బోర్లా పడుకుని సొరంగంలోకి చూశారు. తర్వాత పిల్లలు ఒకరి వెనక ఒకరు పాక్కుంటూ దూరారు. వాళ్ల తర్వాత సోమయ్య సారు. ఆయన ఆ చివర బయటపడి, "తాతలనాడు ఎవడన్న చూసిండా గిట్ల!" అని అరిచారు.

"ఎవరు చెప్పారమ్మా ఈ పని?" అని ఆఫీసరు అడిగారు. పుష్పాబాయిని ముందుకి తోశాను. ఆయన చేతులు దులుపుకుని, "మరి ఆ రైలెట్లుంటది? కూసుంటే భయమైతదా?" అని అడిగారు.

"ఎక్కలే సారూ. మా పని ఖతం గాంగనె పంపిచ్చిండ్రు. రైలు నడిచే యాల్లకు మేం మిర్యాలగూడ దిక్కు వేములపల్లిల నాట్లేస్తున్నం."

ఆఫీసరు నా వైపు చూశారు. నాలుగు వారాలుగా రోజూ ఆమెతో మాట్లాడుతున్నాను. ఆ మాట అడగాలని ఒక్కసారీ తోచలేదు నాకు.

పుష్పాబాయి మా మొహాలు చూసింది. "అందరు పోయిండ్రు, నేనేం తక్కువ?" అంటూ కొంగు దోపి సొరంగంలోకి దూరింది. నడుమలో గాజులు రాయికి పట్టుకున్నట్టున్నాయి, ఆగిపోయింది. లోపల్నుంచి "యాడీ! యాడీ!" అని తండా మాటలో అమ్మని పిలుస్తూ ఒకటే నవ్వు. నేల నవ్వుతున్నట్టే ఉంది. ఇద్దరు పిల్లలు దూరి చేతులు పట్టి లాగితే బయటికి వచ్చింది. జుట్టు నిండా మన్ను, రైక అద్దాల నిండా మన్ను. ఇంకా నవ్వుతూనే ఉంది.

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది గోబర్ గ్యాస్ నమూనాకి. మా పిల్లలు మాత్రం మోతె దాకా బస్సులో గెలిచినట్టే అరుస్తూ వచ్చారు.

ఆమె ఆ రైలు ఎక్కలేదన్న మాటని నేను వదల్లేదు. ఎనభై ఎనిమిది ఎండాకాలం సెలవుల్లో పుష్పాబాయి, దస్రు, నేను కోదాడలో బస్సెక్కి విజయవాడ వెళ్లి, అక్కడ హౌరా రైలు పట్టుకున్నాం. కలకత్తాలో మెట్లు వాటంతటవే కదులుతుంటే దస్రు ఎక్కనన్నాడు. "నువ్వు తొవ్విన గుంతలకే గద" అని ఆమె రెక్క పట్టి లాక్కుపోయింది. కింద పాలరాయిలా మెరిసే స్టేషను. ఇద్దరూ చెప్పులు విప్పబోతే నేను ఆపాను. పుష్పాబాయి స్తంభాన్ని పిడికిలితో కొట్టి చూసి, ఫర్వాలేదన్నట్టు తలూపింది.

రైలొచ్చింది. తలుపు అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. పక్కన ఒక బెంగాలీ ఆమె ఈ అద్దాల రైకని వింతగా చూస్తోంది. పుష్పాబాయి పనిలో నేర్చుకున్న బెంగాలీ ముక్కలు ఏరుకుని, ఇది మేం తవ్వాం అని చెప్పింది. ఆమె కళ్లు పెద్దవి చేసి, ఎక్కడ అని అడిగింది.

"భవానీపూర్ దాటంగనె. చూపిస్త ఉండు... గిదే! గిదిగో... అయ్యో, పాయె!"

నాలుగేళ్లు తవ్విన జాగా, మాట పూర్తయ్యేలోపు వెనక్కి పోయింది. పుష్పాబాయి నా వైపు చూసింది. నేను దస్రు వైపు చూశాను. ముగ్గురికీ ఒకేసారి నవ్వొచ్చింది. మళ్లీ టికెట్లు తీసుకుని వెనక్కి ఎక్కాం. ఈసారి దస్రు ముందే వేలు పెట్టి సిద్ధంగా ఉన్నాడు, అయినా "గాడ" అనేసరికి దాటిపోయింది. "నువ్వు లేటు చేసినవ్" అంటే "నువ్వే తొందర చేసినవ్" అని కొట్లాడుకున్నారు. మొదటిసారి నుంచే దిగాల్సిన చోట దిగకుండా మా వెంటే ఉన్న ఆ బెంగాలీ ఆమె మూడోసారీ వచ్చింది. నలుగురం అద్దానికి అతుక్కుని, కళ్లు ఆర్పకుండా, చీకటి గోడని చూస్తూ నిలబడ్డాం.

"ఇప్పుడు!" అని అరిచింది పుష్పాబాయి. పెట్టెలో జనమంతా లేచి అద్దాల్లోంచి చూశారు.