ఇత్తడి అంచు గాజక్షరాలు

బోర్డులాయన పెళ్ళాం పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు చూసుకుంటుందనీ, పాపం ఆయనేమో నిచ్చెనెక్కుతూ దిగుతూ భుజాలు అరగదీసుకుంటున్నాడనీ ఎదురింటి కుట్టుమిషనామె కూరగాయల బండి దగ్గర అందట. ఆ మాట విన్నది అత్తగారు. విన్నమాటని విన్నట్టు చేరవేసి ఊరుకుంటే ఆవిడ అత్తగారెందుకవుతుంది? సంచీ దించి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, ఎదురింటామె మూతి ఎలా తిప్పిందో తనూ తిప్పి చూపించి మరీ చెప్పింది.

"మరి మీరేమన్నారత్తయ్యా?" అని అడిగింది కోడలు, మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యకుండానే.

"ఏమంటాను? మా కోడలు బొమ్మలు చూడటం లేదమ్మా, మావాడి పనే చేసిపెడుతోంది అన్నాను. గట్టిగానే అన్నాను. బండివాడు కూడా విన్నాడు."

తనని వెనకేసుకొచ్చినందుకు ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెనకేసుకురావడంలోనే ఎక్కడో సన్నటి ముల్లు కూడా గుచ్చుకుంది. మావాడి పనే. ముల్లే కదా అని దులుపుకుని మళ్ళీ తెర వైపు తిరిగింది. లోపల కుక్కర్ కూత పెట్టింది. "అమ్మాయ్, కూసింది!" అంది అత్తగారు, ఆ కుక్కర్ కోడలి పుట్టింటి నుంచి వచ్చిన చుట్టమైనట్టు.

ఊళ్ళో దుకాణాల పేర్లన్నీ బిగించేది ఆమె మొగుడే కాబట్టి అతనికి బోర్డులాయన అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయన పెళ్ళాం కాబట్టి ఈమె బోర్డులాయన భార్య. అతను మంచి మనిషే. ఎండలో గోడలెక్కి మేకులు కొట్టొచ్చి కూడా తిన్న కంచం తనే తీసుకెళ్ళి సింకులో పెడతాడు. కడగడు. పెడతాడు. ఆ పెట్టిన సంగతి పదిమందికీ చెప్పుకునేది మాత్రం అత్తగారు. బోర్డు మీద అక్షరాలు చేసేది ఈమె. పెళ్ళయిన కొత్తలో మొగుడి షాపులో ఊరికే కూర్చోలేక వీడియోలు చూస్తూ, చెడగొడుతూ, చెడగొట్టినదాన్ని మళ్ళీ సరిచేస్తూ నేర్చుకుంది. పిల్ల పుట్టాక కంప్యూటర్ని ఇంటికి తెచ్చేశాడు. "ఇంట్లో అయితే నీకు వీలుగా ఉంటుంది" అన్నాడు ప్రేమగానే. వంటింటికీ స్నానాల గదికీ మధ్య నడవాలో బల్ల వేశాడు. ఎవరు స్నానానికి వెళ్ళినా ఆమె కుర్చీ లోపలికి జరుపుకోవాలి. ఎవరు బయటికొచ్చినా మళ్ళీ జరుపుకోవాలి. పిల్ల బడికెళ్ళే వయసుకొచ్చింది గానీ ఆ బల్ల మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ వీలు ఎవరి వీలో ఆమె చాలాసార్లు ఆలోచించింది కానీ, ఆలోచన ఓ కొలిక్కి వచ్చేలోపు పాలు పొంగేవి.

అయినా ఆ నడవా అంటే ఆమెకి ఇష్టమే. గాజు ఎలా ఉంటుందో ఆమెకి నేర్పింది స్నానాలగది కిటికీ. లోపలి మనిషి కనపడకుండా అలలు అలలుగా పోతపోసిన అద్దం అది. ఒకరోజు దాన్ని ఫోను కెమెరాతో తీసి, అక్షరాల లోపల పరిచి చూసింది. పైకి పొంగిన అక్షరం, దాని ఒంట్లో అలలు, అంచున సన్నటి తెల్లటి గీత. అన్నీ ఉన్నాయి కానీ గాజు కాలేదు, అద్దం బొమ్మ అతికించిన అట్టముక్కలా ఉంది. ఎన్నాళ్ళో కుస్తీ పట్టాక తెలిసింది, గాజుకి తనదంటూ రంగు లేదని. వెనకాల ఉన్నదాన్ని కాస్త వంచి, కాస్త మసక చేసి, కొంచెం పక్కకి జరిపి చూపిస్తేనే ముందున్నది గాజని కన్ను ఒప్పుకుంటుంది. ఇత్తడి సంగతి వేరు. అందరూ పసుపు పూస్తే ఇత్తడి అవుతుందనుకుంటారు. ఉత్త పసుపు పూస్తే పసుపు ముద్దే అవుతుంది. పసుపు పక్కన నలుపు పడాలి, దాని పక్కన తెలుపు పడాలి, ఆ మూడూ పట్టీలు పట్టీలుగా సాగాలి. పైన సన్నటి గీతలు ఉండాలి. ఆ గీతల కోసం ఆమె పీచుతో తోమి తోమి అరిగిన గిన్నె అడుగుని ఫోటో తీసింది. తను తోమినవే ఆ గీతలన్నీ. అంగడి వీధిలో నడుస్తుంటే మందుల షాపు మీదా, చెప్పుల షాపు మీదా తన గిన్నె అడుగు మెరుస్తూ కనిపించేది. లోపల్లోపల మురిసిపోయేది. పక్కనున్నవాళ్ళకి చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెబితే నవ్వుతారేమోనని మింగేసేది.

ఇంట్లో ఆమె పనికి ఒకటే బిరుదు. నీకెంతసేపు. "వదినా, మా బుజ్జిదాని పుట్టినరోజు కార్డు మీద పేరు మెరిసేలా చేసిపెట్టవా, నీకెంతసేపు" అనేది ఆడపడుచు. "ఈ ఒక్క బోర్డూ సాయంత్రానికి కావాలోయ్, నీకెంతసేపు" అనేవాడు మొగుడు. మెచ్చుకోలుగానే అనేవాళ్ళు. ఆ మెచ్చుకోలుకి పొంగిపోయి చేసేసేది కూడా. చేశాక మెడ పట్టేసి తల తిప్పలేకపోతే, "ఆ తెర ముందు కూర్చోవద్దంటే వినవు" అని అత్తగారే నూనె కాచి మర్దనా చేసేది. ఆ చేతుల వెచ్చదనానికి ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కూర్చోవద్దని ఎవరన్నారు, ఎప్పుడన్నారు అని మాత్రం అడగబుద్ధేసేది కాదు.

అలా ఉండగా కొత్తగా కట్టిస్తున్న కళ్ళ ఆసుపత్రి బోర్డు వచ్చింది. కళ్ళ డాక్టరమ్మకి ఇత్తడి అంచున్న గాజక్షరాలు కావాలి. బోర్డులాయన ఎగిరి గంతేశాడు. ఆమె కూడా. ఆ అక్షరాల మీద ఆమె ప్రాణం పెట్టింది. ఒక్కో అక్షరానికీ గాజు ఒక పొర, అల ఒక పొర, మెరుపు ఒక పొర, నీడ ఒక పొర, అంచు ఇంకో పొర. దేనికది విడిగా ఉంటేనే రేపు ఎవరైనా "కొంచెం నీడ తగ్గించండి" అంటే నీడని మాత్రమే ముట్టుకోవచ్చు.

అక్షరాలు డాక్టరమ్మకి పంపిన రోజు బోర్డులాయన ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. "నచ్చాయటోయ్! ఎవరు చేశారండీ ఇంత బాగా అని అడిగింది. నేనే అన్నాను."

ఆమె కూర తిప్పుతున్న గరిటె ఆపింది. "మీరే అన్నారా?"

"ఆ సమయానికి నోట్లోంచి అలా వచ్చేసిందే. అయినా షాపు మనది, ఎవరు చేస్తే ఏంటి? ఇంట్లో ఆడవాళ్ళు చేశారంటే జనం తేలిగ్గా చూస్తారు. నీకు తెలీదు ఈ వ్యాపారం." అని, ఆమె ముఖం చూసి, "మన ఇద్దరిలో వేరేముంది?" అని కూడా అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అతను అలాగే అనుకుంటాడు. అదే చిక్కు. మోసగాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ప్రేమించేవాడు నీ పనిని తన పని అనుకుంటే, దాన్ని నాది అని లాక్కోవడానికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది. పిల్ల నోట్లో ముద్ద లాక్కున్నంత సిగ్గు.

"ఇంకో సంగతి. ఫైలు బరువైపోయి ఫోన్లో వెళ్ళట్లేదంటే, ఫ్లెక్సీ షాపువాడు చెప్పాడు, అన్నీ కలిపేసే మీట ఒకటుందని. కలిపేసి పంపించా. బరువు దిగిపోయింది" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆమె పరుగున వెళ్ళి కంప్యూటర్ చూసింది. పాత ఫైలు మీదనే సేవ్ చేసేశాడు. పొరల్లేవు. గాజూ, నీడా, మెరుపూ, ఇత్తడీ అన్నీ ఒక్క రేకులా అణిగిపోయి ఉన్నాయి. పప్పూ కూరా పెరుగూ ఒకే గిన్నెలో ఒంపి, ఇందులోంచి ఉప్పు తీసి ఇమ్మన్నట్టుంది. ఆమె ఒక్కో అక్షరాన్నీ నొక్కి చూసింది, ఏదీ విడిగా రాలేదు. అతనికి అర్థమైంది ఏదో జరిగిందని. ఏం జరిగిందో మాత్రం అర్థం కాలేదు. వీపు మీద చెయ్యేశాడు. "పోనీలే, మళ్ళీ చేసేయ్. నీకెంత..." అని, ఎందుకో మిగతాది మింగాడు.

డాక్టరమ్మ అన్నదేమిటంటే, ఆసుపత్రి దగ్గరికే కంప్యూటర్ పట్టుకురమ్మని, బోర్డు తగిలించే చోటే పెట్టి చూస్తాననీ, మార్పులేవైనా ఉంటే అక్కడే చేయించుకుంటాననీ. చేసింది తనేనన్నాడు కాబట్టి వెళ్ళాల్సింది అతనే. అందుకని ఆమె అక్షరాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేస్తుంటే పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు నేర్చుకుందామని. గోడకి తాడు లాగి గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాని చెయ్యి అది, మౌస్ పట్టుకుంటే కోడిపిల్లని పట్టుకున్నట్టు వణికింది. ఆమె అల పరిచింది, వెనకాల గోడని వంచింది, పసుపు పక్కన నలుపు దించింది. స్నానానికి వెళుతూ అత్తగారు ఆగింది. కుర్చీ జరపమనలేదు. ఆవిడా చూస్తూ నిలబడింది.

"ఇదంతా నువ్వే చేస్తావా?" అన్నాడు అతను. "పేరు కొట్టి మీట నొక్కితే అదే గాజులా వచ్చేస్తుందనుకున్నాన్నేను."

ఇన్నేళ్ళూ ఈ మనిషి నేను మీట నొక్కుతున్నాననుకున్నాడు. ఆమెకి కోపం రావలసింది, కడుపులోంచి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి అతనూ నవ్వాడు, అత్తగారూ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే ఆ తడి నవ్వుదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"నా వల్ల కాదు గానీ నువ్వూ రా" అన్నాడు చివరికి. "పక్కన కూర్చో. ఎక్కడైనా ఇరుక్కుంటే మెల్లగా చెప్పు, ఆవిడకి వినపడకుండా."

సరేనంది. వంట చేసి, పిల్లకి జడ వేసి, బట్టలారేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

ఆసుపత్రికి ఇంకా సున్నాలు వేస్తున్నారు. ముందు గదిలో ప్లాస్టిక్ బల్ల మీద, ఫ్లెక్సీ షాపువాడి దగ్గర అరువు తెచ్చిన ల్యాప్‌టాప్ పెట్టారు. డాక్టరమ్మ కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని తెర చూసింది, తలెత్తి బోర్డు తగిలించబోయే గోడ చూసింది, మళ్ళీ తెర చూసింది. "బాగున్నాయి. కానీ ఏదో తేడాగా ఉందండీ. కన్ను నిలవట్లేదు."

"కొత్త కదండీ, అలవాటైపోతుంది" అన్నాడు బోర్డులాయన.

ఆమెకి తేడా ఏమిటో చటుక్కున తెలిసిపోయింది. గుమ్మంలోంచి వెలుగంతా కుడి నుంచి పడుతోంది. అక్షరాలు ఎడమ నుంచి మెరుస్తున్నాయి. నడవాలో ఆమెకి ఎడమ పక్కనుండే వంటింటి కిటికీ వెలుగు అది. ఏ అక్షరం చేసినా తెలియకుండానే ఆ వెలుగులోనే చేసేది. "మెరుపు కుడికి తిప్పండి" అంది మొగుడి చెవి దగ్గర. అతను వెతికాడు. ఏదో నొక్కాడు. గాజు మొత్తం అక్షరాల మీద నుంచి జారి పక్కకి వెళ్ళిపోయింది. ఇంకేదో నొక్కాడు. ఇత్తడి మాయమైంది. బోసి అక్షరాలు వరసగా నిలబడ్డాయి.

"సిస్టమ్ స్లోగా ఉందండీ" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయని ఆమెకీ అత్తగారికీ తప్ప ఎవరికీ తెలీదు. ఆ చెవులు చూస్తే ఆమెకి జాలేసింది. నడిబజార్లో చెయ్యి పట్టుకుని దాటించాలనిపించేంత జాలి. ఇప్పుడు తను ముందుకొస్తే ఈ మనిషి పరువు పోతుంది. రాకపోతే అక్షరాలు ఇలాగే వెలుగుకి ఎదురుతిరిగి గోడెక్కుతాయి, ఊరంతా వాటి కిందనుంచే నడుస్తుంది, తప్పు తనొక్కదానికే కనిపిస్తూ ఉంటుంది. అతని పరువూ, తన పనీ. రెంటినీ ఒక్క చేత్తో పట్టుకోవడం ఎలాగో ఆమెకి తోచలేదు.

"కాస్త జరగండి" అంది.

జరిగాడు. కూర్చుంది. గాజుని మళ్ళీ అక్షరాల్లోకి తెచ్చింది. ఇత్తడిని అంచుకి ఎక్కించింది. మెరుపు తిప్పితే సరిపోదు, అలల ఫోటోలో కూడా ఎడమ పక్క వెలుగే ఉంది కాబట్టి అలనీ తిప్పింది. నీడని ఎడమకి పడుకోబెట్టింది. గోడ దగ్గరున్న సున్నాల మనిషి కూడా బ్రష్ బక్కెట్లో వదిలేసి వచ్చి చూశాడు. ఒక్కొక్క అక్షరమే ఆ గుమ్మంలోని వెలుగు తాగినట్టు నిండుతూ వచ్చింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు కిందకి దించుకుంది. "ఆ! ఇదీ! ఇప్పుడు నిలిచింది కన్ను." తర్వాత ఆమె వైపు తిరిగింది. "ఎవరమ్మా నువ్వు?"

ఆమె నోరు తెరిచేలోపే బోర్డులాయన కుర్చీ వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యేశాడు. ఆ చేతిలో ప్రేమ ఉంది, గర్వం కూడా ఉంది. "మా ఆవిడండీ" అన్నాడు నవ్వుతూ. "ఖాళీగా ఉన్నప్పుడు నాకు ఇలా సాయం చేస్తుంటుంది."

ఆమె ఆ చేతిని తొయ్యలేదు. తన చెయ్యి దాని మీద వేసి, డాక్టరమ్మ ముఖంలోకి చూస్తూ, మెల్లగానే అయినా అందరికీ వినపడేలా అంది.

"నేనెప్పుడూ ఖాళీగా లేనండీ. ఈ అక్షరాలు నేను చేసినవి. సాయం చేసేది ఆయన."