ముచ్చికల చేతులు

నాగులేరు పొంగి కారంపూడి దారి తెగిన ఏడు అది. నీళ్ళు తీశాక రెండోసారి నాటిన మిరప ఆలస్యంగా పండింది. జనవరి నెలాఖరైనా కళ్ళంలో ఎండబోసిన కాయ మెత్తమెత్తగానే ఉంది. కింది పొర బూజు పట్టి, చచ్చిన ఎలుక కంపు కొడుతోంది. ఏసోబు ఆ కుప్ప ముందు గోనెపట్టా మీద కూర్చుని ముచ్చికలు తీస్తున్నాడు. ఎడమచేత్తో కాయ పట్టుకోవడం, కుడి బొటనవేలి గోటితో తొడిమ గిల్లెయ్యడం. కాయ ఇటు, తొడిమ అటు. రంగు పోయిన తాలుకాయ తగిలితే మొహం చిట్లించి వెనక్కి విసిరెయ్యడం.

అతనికి రోత పుట్టించనిది లోకంలో బహు తక్కువ. గుమాస్తా శ్రీహరి గుట్కా నమిలి కాయ పక్కనే ఉమ్మడం రోత. పొద్దు వాలాక బరువు కోసం కాయ మీద నీళ్ళు చల్లి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు దేవుడి పటానికి దణ్ణం పెట్టే యజమాని రోత. ఈగ పడిన టీని వేలితో ఈగ తీసేసి తాగే జనం రోత. అన్నిటికన్నా రోత తన చేతులు. మిరప రంగు గోళ్ళ కిందికి దిగి నల్లబడిపోయింది. అరచేతి తోలు పాత చెప్పు అడుగులా గట్టిపడింది. చర్చిలో ప్రభురాత్రి భోజనం రొట్టెముక్క అందుకునేటప్పుడు కూడా పాస్టరుగారి వేళ్ళకు తన వేళ్ళు తగలకుండా చివర పట్టుకుంటాడు.

కొత్తలో చేతులు మండి నిద్ర పట్టేది కాదు. మజ్జిగ ముంతలో వేళ్ళు ముంచుకుని పడుకునేవాడు. కొన్నాళ్ళకు మంట దానంతట అదే పోయింది. అదే కళ్ళాల్లో పనిచేసే భార్య కరుణమ్మకూ అంతే. చచ్చిపోయిన కూతురి బిడ్డ జెస్సీని చిన్నప్పటినుంచీ పెంచింది వీళ్ళే. ఆ పిల్లా ఈ దుమ్ములోనే పాకింది, ఈ దుమ్ములోనే నడిచింది. వాళ్ళింట్లో తుమ్మేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచారు. ఏసోబు బోరు దగ్గరికి పోయి సబ్బుతో చేతులు తోముకున్నాడు. నురగ ఎర్రగా వచ్చింది. మళ్ళీ తోమాడు. ఆ తరవాత, రోజూ భుజాన వేసుకొచ్చే తువ్వాల్తో కట్టి కుప్ప పక్కనే పెట్టిన మూట విప్పాడు. అందులో పసుపు ఉన్ని ఉండ, కొక్కెపు సూది, దాదాపు పూర్తయిన పసిబిడ్డ దుప్పటి ఉన్నాయి. ఒక పసుపు చార, ఒక తెల్ల చార. అతనికి వచ్చిన కుట్టు ఒక్కటే. పోవడం, తిరిగి రావడం, దారం మార్చడం. అంచున ఒక్కో కుట్టు జారవిడుస్తూ వచ్చాడేమో, దుప్పటి ఒకపక్క కురచైపోయింది. అది చూసినా రోతే. విప్పి మళ్ళీ అల్లే టైము లేదు.

"ఏం తాతా, అవ్వ పని నువ్వు లాక్కున్నావా ఏంది?" అన్నాడు శ్రీహరి.

"దానికి రాదు."

"నీకెట్టా వచ్చింది మరి?"

"ఆస్పత్రి మంచం మీద వచ్చింది."

వయసులో క్షయ పట్టి మిషన్ ఆస్పత్రిలో నెలలకొద్దీ పడుకున్నప్పుడు, గోడ వంక చూస్తూ చావబోతున్నాడని ఒక నర్సమ్మ ఈ సూది చేతిలో పెట్టింది. బతికి బయటపడ్డాడు. సూది దాచుకున్నాడు గాని ఇన్నేళ్ళలో ఒక్కటీ అల్లలేదు. ఇప్పుడు అవసరం పడింది.

నరసరావుపేట ఆస్పత్రిలో జెస్సీకి కొడుకు పుట్టాడు. ఈ సాయంత్రం తల్లినీ బిడ్డనూ ఇంటికి తెస్తున్నారు. పుట్టింట్లో మూడు నెలలు ఉంచుకోవడం ఆనవాయితీ. కాని జెస్సీ అత్త రాజమ్మ ఫోన్లో ఖరాఖండిగా చెప్పింది: "ఇల్లు నా కళ్ళతో చూసుకుంటా. బిడ్డకు పనికొచ్చేటట్టుంటేనే వదిలిపెడతా. లేకపోతే మా రొంపిచెర్ల తీసకపోతా."

అందుకే కరుణమ్మ గోడలకు సున్నం కొట్టింది. మంచం నులక బిగించింది. ఏసోబు దుప్పటి మొదలుపెట్టాడు.

చివరి చార ముడివేసి, దారం పంటితో కొరికి, దుప్పటిని మళ్ళీ తువ్వాల్లోనే చుట్టాడు. పొద్దుగూకేదాకా ముచ్చికలు తీశాడు.

ఇంటికి వచ్చేసరికి ఆటో ముందే వచ్చి ఉంది. క్రిస్మస్‌కు కట్టిన కాగితపు స్టారు ఇంకా చూరుకు వేలాడుతోంది. రాజమ్మ అంగన్‌వాడీ ఆయా. చంకలో మనవణ్ణి పెట్టుకునే ఇల్లంతా తిరుగుతోంది. మంచం కింద చూసింది, నీళ్ళకుండ మూత తీసి చూసింది, కిటికీ చువ్వ మీద వేలితో రాసి ఆ వేలిని దీపం దగ్గర పెట్టి చూసింది. కరుణమ్మ వెనకాలే నడుస్తూ కుండ మీద మూత మళ్ళీ పెట్టింది.

"పర్లేదు పిన్నీ. శుభ్రంగానే పెట్టుకున్నారు," అంది రాజమ్మ చివరికి.

మంచం మీద కూర్చున్న జెస్సీ తాత వంక చూసి నవ్వింది. "తాతా, తెచ్చావా?"

ఏసోబు మూట విప్పి దుప్పటిని మంచం అంచున పెట్టి వెనక్కి జరిగాడు.

"చానా బాగా అల్లావు బాబాయ్. ఒకపక్క కురచైంది గాని," అంటూ రాజమ్మ బిడ్డను అందులో చుట్టింది. నెత్తిన తెల్ల టోపీ, మెడ దాకా పసుపు చారలు. ఏసోబు దూరంనుంచే చూశాడు. మొట్టమొదటిసారి మొహం చిట్లించలేదు.

బిడ్డ ఒక తుమ్ము తుమ్మాడు. ఇంకోటి. ఆ పైన కేరుమని అందుకున్నాడు. బుగ్గ ఎర్రగా కందిపోయింది. ఎత్తుకున్న రాజమ్మ దగ్గుతూ ఒక చేత్తో మెడ రుద్దుకుంది. రుద్దినచోటల్లా మండింది.

"ఏం పూశారు దీనికి?"

కరుణమ్మ దుప్పటి లాక్కుని వాసన చూసింది. "ఏముంది రాజమ్మా? ఉన్ని వాసన."

"మీకు ముక్కులున్నయ్యా, కాలిపోయినయ్యా? కారం! కారంలో ముంచి తీసినట్టుంది!"

తువ్వాలు. అది ఏసోబుకు అప్పుడు తట్టింది. రోజంతా కళ్ళం దుమ్ము తాగిన తువ్వాల్లోనే ఇన్నాళ్ళూ ఉన్ని పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు గాని తువ్వాలు సంగతి అతనికి తోచనే లేదు. అది ఘాటని తెలియజెప్పే ముక్కు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

రాజమ్మ బిడ్డ బట్టలు విప్పి, పాలతో తడిపిన గుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. టోపీ ఎక్కడో జారిపడింది. ఎవరూ చూసుకోలేదు. చాలాసేపటికి బిడ్డ వెక్కుతూ ఊరుకున్నాడు. అప్పుడు రాజమ్మ ఏసోబు చేతుల వంక చూసింది. అరవలేదు. కుళ్ళిన కాయను చూసి అతను పెట్టే మొహమే ఆమె పెట్టింది.

"లెగు జెస్సీ. ఆటో ఉంది."

"నేను పోను అత్తయ్యా. దుప్పటి తీసి అవతల పడేత్తే సరిపోద్ది. నేనీడే ఉంటా."

"ఈ ఇంట్లో మంచం కోడు నాకినా కారమేనే! వాడి కంట్లో పడితే ఏం చేస్తావు?"

కరుణమ్మ నోరు తెరిచింది. "మా పిల్లను మేం పెంచుకోలేదా ఇదే ఇంట్లో? అది బతకలేదా?"

జెస్సీ తాత వంకే చూస్తోంది. ఆయన ఒక్కమాట అంటే చాలు, ఉండిపోతుంది. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

"వెళ్ళు," అన్నాడు ఏసోబు. "ఈడ ఉండమాక."

"తాతా!"

"బిడ్డకు చలి. బేగి ఎక్కు."

ఆటో మలుపు తిరిగేదాకా కరుణమ్మ వాకిట్లో నిలబడింది. లోపలికొచ్చి, "నోట్లోంచి ముత్యాలు రాలతయ్యా నీకు, ఉండమ్మా అంటే?" అంది. ఆ పూట ఇద్దరూ అన్నం ముట్టలేదు.

తెల్లవారింది. ఏసోబు లేచి వాకిట్లో దుప్పటి కొన తడిపి, తన ఒంట్లో ఇంకా చావని తోలు ఎక్కడుందా అని ఆలోచించి, కనురెప్పకు ఆనించుకున్నాడు. భగ్గున మండింది. నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోబోయిన చెయ్యి కంటిదాకా వెళ్ళి ఆగింది. థూ అని ఉమ్మి, దుప్పటిని బకెట్లో పడేశాడు.

లోపల ఊడుస్తున్న కరుణమ్మ మంచం కిందినుంచి తెల్లటిదేదో చీపురుతో బయటికి లాగి, తీయడానికి వంగింది. బిడ్డ టోపీ.

"నీ చెయ్యి పెట్టమాకే," అన్నాడు ఏసోబు.

కొక్కెపు సూదిని సబ్బుతో తోమి, నీళ్ళు విదిలించి, దాని కొనతో టోపీని ఎత్తాడు. అలాగే చెయ్యి చాచి పట్టుకుని బయటికి నడిచి, చూరుకున్న స్టారు తీసేసి, ఆ చోట చూరు సందులో సూది మొదలు గుచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకోకుండానే కళ్ళానికి పోయాడు.

చూరు కింద, ఎవరి చెయ్యీ తగలని టోపీ, కొక్కేనికి వేలాడుతూ గాలికి కొద్దికొద్దిగా తిరుగుతోంది.