మెత్తటి జిగురు

ఏ సంగతైనా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ ఒక్కపూటకి దాన్ని దాచుకోమని లాయరు నిన్నటినుంచీ బతిమాలుతున్నాడు. అవతలి కంపెనీ వాదన ఒక్కటే: బ్యాటరీలో ఆమె చేసిన మార్పు ఈ రంగంలో ఎవరికైనా తట్టేదే, దానికి పేటెంటేమిటని. ఆ వాదన నెగ్గితే పేటెంటు పోతుంది, దాన్నే నమ్ముకున్న ఆమె చిన్న ల్యాబు మూతపడుతుంది.

విచారణ గది బయట కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పొద్దున అత్తగారన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా లోపలి పొడి ఉబ్బి పగులుతుందని, అందరూ గట్టి జిగురుతో బిగించారని, తను మాత్రం ఉబ్బితే సాగేలా మెత్తటి జిగురు వాడానని చెప్తే, ఆవిడ తాపీగా, "బిగుతైతే వదులు చెయ్యాలి. దీనికా ఇన్నేళ్లు?" అంది.

లోపలికి పిలిచారు. నాలుగు పెద్ద మాటలు కలిపి గజిబిజిగా చెప్పాలనే అనుకుంది. కానీ అధికారి అర్థంకాక మొహం చిట్లించగానే ప్రాణం ఒప్పలేదు, అత్తగారికి చెప్పినట్టే చెప్పేసింది. ఓస్ ఇంతేనా అన్నట్టు అధికారి తలాడించారు. లాయరు నుదురు పట్టుకున్నాడు. తన గొయ్యి తనే తవ్వుకున్నానని ఆమెకు ఏడుపొచ్చింది.

తర్వాత అవతలివాళ్ల సాక్షి వచ్చారు. ఒకప్పుడు ఆమెకు పని నేర్పిన మాస్టారే. ఇది ఎవరికైనా తట్టేదేనని తొణక్కుండా చెప్పారు. ఆమె లాయరు లేచి, మరి మీకెందుకు తట్టలేదని అడిగాడు.

ఆ మాట మాస్టారికి ఎక్కడో కాలింది.

"తట్టకపోవడమేమిటండీ? నా ల్యాబులోనే లేచిన మాట అది. ఈ అమ్మాయే అడిగింది. మెత్తటిదైతే అంతా ముద్దయిపోతుంది, పిచ్చి వేషాలు మానమన్నాను. నేనే కాదు, అక్కడున్న నిపుణులంతా నవ్వారు..."

సగంలో ఆయన గొంతు తగ్గింది. ఎవరికైనా తట్టేదైతే అంతమంది ఎందుకు నవ్వారన్న ప్రశ్న ఎవరూ అడగనక్కర్లేదు. అధికారి కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు.

ఆమెకు సంతోషం కంటే ముందు కోపమొచ్చింది. వాళ్లు నవ్విన రోజు బాత్రూంలో గడియ పెట్టుకుని ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది.

లాయరు పక్కకు వంగి, ఇంత సంగతి తనకు ఒక్కసారైనా చెప్పలేదేమని గొణిగాడు.

"నన్ను చూసి నవ్వారని ఎలా చెప్పుకుంటానండీ," అంది.