తీగ లేని ఇస్త్రీ పెట్టె

పొద్దున్నే ఎనిమిదిన్నరకి లాండ్రీ షట్టరు ఎత్తడం సెగమ్మ పని. ఊడవడం, బల్ల మీద పరిచిన పాత దుప్పటి సరిచేయడం, ఆరిన బట్టల మీద నీళ్ళు చిలకరించి ఒక్కోటీ చుట్టచుట్టి పెట్టడం, అన్నీ ఆమె పనే. తర్వాత ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడేది. ఆ పెట్టెకి తీగ లేదు. ఆమె చేరిన మొదటి వారంలోనే తీగ అక్కర్లేదని తేలిపోయింది. షాపాయన దాన్ని కత్తెరతో కోసి మేకుకి తగిలించాడు. పద్దెనిమిదేళ్ళుగా అది అక్కడే వేలాడుతోంది.

సెగమ్మకి కోపమొస్తే పెట్టె కాలేది. అరచేతిలోంచి పిడిలోకి, పిడిలోంచి అడుగుకి సెగ దిగేది. కొందరికి చేతులు చెమట పడతాయి, ఈమెకి ఇది. అందుకే ఆ పేరు, అసలు పేరు ఆమెకే సగం గుర్తులేదు. బట్టలిచ్చేవాళ్ళు సాయంత్రానికి అవుతాయా అని అడిగేవాళ్ళే కానీ, పెట్టె ఎలా కాలుతోందని అడిగిన పాపాన పోలేదు.

మరి రోజూ పొద్దున్నే కోపం ఎక్కణ్ణుంచి రావాలి? దానికి షాపాయన ఉన్నాడు.

తొమ్మిదింటికి వచ్చి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసుకునేవాడు. ఆమెన్ అన్న నోటితోనే అందుకునేవాడు.

"నీకేం వచ్చు? ఇన్నేళ్ళ నుంచీ చూస్తున్నా, ఒక్క పనైనా తిన్నగా వచ్చిందా నీకు?"

సెగమ్మ వేలు తడిచేసి పెట్టె అడుగున తాకించేది. చుయ్‌మనేది. చొక్కాలు మొదలయ్యేవి. మధ్యాహ్నం దుప్పట్ల వేళకి మాటల్లోకి ఆమె మొగుడొచ్చేవాడు. "వాడు ఊరికే వదిలేసి పోయాడా? నీ మొహం చూడలేక పోయాడు." ఆమె కళ్ళు నిండేవి, పెట్టె మండేది, దుప్పట్లు అద్దాల్లా తయారయ్యేవి. ఆయన నోరే అంత, పోనీలే అనుకునేది. ఎంతైనా చర్చి సంఘానికి పెద్ద. పైగా మొగుడు వదిలిపోయిన కొత్తలో పని ఇచ్చిన మనిషి.

తిట్టేవాడిది తప్పనిపించలేదు ఆమెకి. కోపం తెచ్చుకోవడం తన పాపమనిపించింది. చూశారా ఎంత చక్కగా కుదిరిందో ఆయనకి!

ఆదివారం గుడిలో పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పేవాళ్ళు. ఎవరికి వాళ్ళు లేచి దేవుడి ముందు తమని తాము తగ్గించుకోవడం అక్కడి పద్ధతి. నేను పురుగునని ఒకాయన అంటే, ఆ పురుగు కాలి కింది దుమ్మునని ఇంకొకావిడ అనేది. తగ్గడంలో కూడా పోటీయే! ఆ పోటీలో సెగమ్మని మించినవాళ్ళు లేరు. "నేను కోపిష్టిదాన్ని. ఎందుకూ పనికిరానిదాన్ని. షాపాయన దయ వల్ల నాలుగు మెతుకులు తింటున్నాను" అనేది. ముందు వరసలోంచి షాపాయన అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేవాడు.

ఒకసారి మాత్రం పాస్టరుగారిని మెట్ల మీద ఆపి అడిగింది. "అయ్యగారూ, మనల్ని మనం ఎలా ప్రేమించుకుంటామో పక్కవాళ్ళనీ అలాగే ప్రేమించాలంటారు కదా. నన్ను నేను చూసుకుంటున్నట్టే పక్కవాళ్ళనీ చూశాననుకోండి, పాపం వాళ్ళ గతేం కాను?"

పాస్టరుగారు నవ్వేశారు. "నీకెందుకమ్మా ఇంత పెద్ద ప్రశ్నలు? కోపం పోవాలని ప్రార్థన చేసుకో, చాలు."

చేసుకుంది. ఏళ్ళ తరబడి మోకాళ్ళు కాయలు కాసేలా చేసుకుంది. కోపం పోలేదు. దేవుడు పలకలేదని ఏడ్చింది కానీ, తీసెయ్యకపోవడమే ఆయన జవాబేమోనని ఆమెకి చెప్పే దిక్కు లేకపోయింది.

ఆ శుక్రవారం హాస్పిటల్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. అక్కడి బట్టల గది అంతా ఆవిడ చూసుకుంటుంది. డాక్టర్ల తెల్లకోటు ఒకటి చేత్తో పట్టుకుని, కాలరు వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇది ఇస్త్రీ చేసిందెవరు?"

"నేనేనండీ" అంది సెగమ్మ, తప్పు పట్టుకున్నారనుకుని.

"మా బట్టల గదికి ఒక పెద్ద కావాలి. పదిమందికి పని నేర్పాలి. వస్తావా?"

షాపాయన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆయన నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు. పద్దెనిమిదేళ్ళు విన్న మాట సెగమ్మ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"నాకేం వచ్చండీ?"

మేడమ్ కోటు మడిచి చేతి మీద వేసుకుంది. "సోమవారం పదింటిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతాను. తర్వాత ఇంకొకరిని తీసుకుంటాను" అని వెళ్ళిపోయింది.

షాపాయన ఆ సాయంత్రం ఊరుకోలేదు. "హాస్పిటల్ కావాల్సొచ్చిందా నీకు? నేను కాబట్టి భరిస్తున్నాను! రెండో రోజే మెడపట్టి గెంటుతారు!" అని షట్టరు దించేదాకా అరిచాడు. ఆమె ఒప్పుకోలేదు కదా, ఇంకెందుకు అరుపులు? భయం మరి. సెగమ్మకీ భయమే. అక్కడికి వెళ్ళాక పెట్టె కాలకపోతే? ఈయన నోరు లేకపోతే తన చేతిలో ఏముందని?

అరిచి అరిచి శనివారానికి షాపాయన గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట రావడం లేదు. బల్ల మీద బట్టలు గుట్టగా ఉన్నాయి, గుట్ట పైన పాస్టరుగారి తెల్ల అంగీ ఉంది. పెట్టె చల్లగా కూర్చుంది. ఆయన కాసేపు చేతులు ఊపాడు, పళ్ళు నూరాడు, లాభం లేకపోయింది. ఇంటికెళ్ళి భార్యని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చేతిలో ఒక నల్ల అట్ట నోటుపుస్తకం పెట్టి, చదవమని సైగ చేశాడు.

ఆవిడ నెమ్మదస్తురాలు. చీమకి కూడా దారిచ్చే రకం. ఏం చదువుతోందో తెలియకుండానే, గుడిలో వాక్యం చదివినట్టు నిదానంగా మొదలుపెట్టింది.

"చొక్కాలకి: నీకేం వచ్చు. ఒకసారి అంటే చాలు. కోట్లకి: అదే మాట రెండుసార్లు, కస్టమర్ ఎదురుగా. దుప్పట్లకి: మొగుడి మాట." ఆవిడ తలెత్తింది. "ఇదేంటండీ?"

షాపాయన చదువు చదువు అన్నట్టు వేలితో పేజీ మీద కొట్టాడు.

"బరువు దుప్పట్లకి..." ఆవిడ పుస్తకం మూయబోయింది.

"చదువక్కా" అంది సెగమ్మ.

"వద్దు చెల్లీ."

"చదువు."

"బరువు దుప్పట్లకి: పురిట్లో పోయిన బిడ్డ మాట. తరచుగా వాడకూడదు. సాయంత్రం దాకా చల్లారదు."

 సెగమ్మ ఒక చెయ్యి పెట్టె పిడి మీదే ఉంచి, రెండో చేత్తో పుస్తకం లాక్కుంది. కింద ఇంకో వరస ఉంది. పాస్టరుగారి అంగీకి ఏమీ అనక్కర్లేదని రాసుంది. రేపు చెప్పబోయే సాక్ష్యం తలుచుకుంటూ తనని తనే తిట్టుకుంటుందట.

"మీ నోరు జారుతోందనుకున్నాను" అంది సెగమ్మ.  "నోరు జారినవాణ్ణి రోజూ క్షమించాను. మీరు జారలేదు. కొలిచారు! ఏ గుడ్డకి ఎంత మంట కావాలో చూసుకుని, నా బిడ్డని తెచ్చి పొయ్యిలో పెట్టారు!"

షాపాయన ఆ మాటలేవీ వినలేదు. ఆశగా వేలు తడిచేసుకుని పెట్టె అడుగు తాకాడు. చల్లగా ఉంది. ఇంత కోపం వచ్చిందామెకి, బొట్టంతైనా కిందికి దిగలేదు. అంగీని ఉన్నదున్నట్టు మడతపెట్టి ఆయన చేతిలో పెట్టి, ఇంటికి నడిచింది.

ఆదివారం పాస్టరుగారు ముడతల అంగీతోనే నిలబడ్డారు. సాక్ష్యాల వేళకి సెగమ్మ లేచింది. ఎప్పటి మాటలే కదా అని జనం అప్పుడే ఆమెన్ నోట్లో సిద్ధం చేసుకున్నారు.

"పద్దెనిమిదేళ్ళు ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పాను. పనికిరానిదాన్నని చెప్పాను. నన్ను చేసినవాడి ఇంటికే వచ్చి, నీ చేతిపని బాలేదయ్యా అని ప్రతి వారం చెప్పాను. మీరందరూ ఆమెన్ అన్నారు. తగ్గించుకోవడం వేరు, తొక్కించుకోవడం వేరు అని ఒక్కరూ అనలేదు. అయ్యగారూ, మీరూ అనలేదు. నాకు కోపంగా ఉంది. తీసెయ్యమని ఇంక అడగను."

కూర్చుంది.  పాస్టరుగారు తన అంగీ ముడతలు చూసుకుంటూ ఉండిపోయారు. వెనక వరసలోంచి ఒకే ఒక్క గొంతు ఆమెన్ అంది. అది షాపాయన భార్యది.

సోమవారం తొమ్మిదింటికి షాపాయన గొంతు తిరిగొచ్చింది. ప్రార్థన కూడా మానేసి మొదలుపెట్టాడు. చొక్కాల మాట అన్నాడు, కోట్ల మాట అన్నాడు, మొగుణ్ణి తెచ్చాడు. సిగ్గులేకుండా బిడ్డనీ తెచ్చాడు. సెగమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టుకుని అన్నీ విన్నది. పెట్టె రాయిలా ఉంది. చివరికి ఆయన చేతులు జోడించాడు.

"నీకు పుణ్యముంటుంది, కాస్త కోప్పడమ్మా!"

"కోపానికేం కరువు లేదండీ. మీ బట్టల కోసం రాదు, అంతే." ఆమె పెట్టె ఎత్తుకుంది. "ఇది మా అమ్మది. నేను చేరినప్పుడు తెచ్చుకున్నాను. తీగ అదిగో, మేకుకి ఉంది. ఉంచుకోండి."

హాస్పిటల్‌కి నడిచినంతసేపూ పెట్టె చంకలో చల్లగానే ఉంది.  ఆయన చెప్పిందే నిజమైతే? ఒట్టి ఇనుపముక్క మోసుకుపోతున్నానా? అయినా కాళ్ళు వెనక్కి తిరగలేదు.

పదికి పది నిమిషాలుంది. మేడమ్ కుర్చీ చూపించి, కాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసింది. ఎవరొచ్చినా అడిగే మొదటి ప్రశ్నే అడిగింది.

"చెప్పమ్మా. నీకేం వచ్చు?"

పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. సెగమ్మ దాన్ని మింగేసింది. పెట్టెని బల్ల మీద పెట్టి పిడి పట్టుకుంది.

"కాలరు కొసల నుంచి మధ్యకి లాగడం వచ్చండీ. మధ్య నుంచి లాగితే కొసన ముడత పడుతుంది. గుండీల చుట్టూ తిరగడం వచ్చు, పైనుంచి పోతే అవి పగులుతాయి. ఏ గుడ్డకి ఎన్ని నీళ్ళు చల్లాలో తడిమి చెప్పడం వచ్చు. రక్తం మరక మీద వేడి పెట్టకూడదని తెలుసు, పెడితే అది జన్మలో పోదు. పడుకున్న పేషెంటుకి వీపు దగ్గర ఒత్తుకోకుండా దుప్పటికి మడత ఎక్కడ వెయ్యాలో తెలుసు..."

చెప్తున్నకొద్దీ కోపం పొంగుకొచ్చింది. ఇంత వచ్చా తనకి? ఇదంతా ఉండగానా వారం వారం లేచి నిలబడి, లేదని చెప్పింది? ఎవరూ తిట్టలేదు, ఎవరూ చెయ్యెత్తలేదు. పిడి వెచ్చబడింది, తర్వాత కాలింది. మేడమ్ రాయడం ఆపి ముక్కు ఎగబీల్చింది.

"చాలమ్మా, చాలు. బల్ల మాడుతోంది."

సెగమ్మ పెట్టె ఎత్తి పట్టుకుని, వేలు తడిచేసి అడుగున తాకించింది. చుయ్‌మంది.

"ఇంకా అయిపోలేదండీ" అంది. "రాసుకోండి."